దిగేందుకు వేసిన రాళ్ళు

పుంగనూరు
11-7-1943

మామయ్యకు, అత్తకు మీ దయామణి వందనాలు. నేను క్షేమం. మీ ఇద్దరి ఆరోగ్యం గురించి అత్త చేతే రాయించు, నువ్వు రాస్తే అన్నీ బాగున్నాయనే రాస్తావు.

ఈ జాబు చదివే ముందు ఆ తోలూ కత్తీ పక్కన పెట్టు. చెప్పబోయేది వింటే చెయ్యి కోసుకుంటావు. నేను గుర్రం ఎక్కుతున్నాను.

కోప్పడితే పడు కానీ ఎందుకో ముందు విను. మదనపల్లెలో కాన్పుల పని నేర్పి నన్ను ఈ పుంగనూరు దవాఖానాకు పంపినప్పుడు ఒక సైకిలు ఇచ్చారు గదా. యుద్ధం పుణ్యమా అని ఇప్పుడు టైర్లు దొరకవు. నువ్వు పంపిన తోలు ముక్కలు వేసి మూడుసార్లు కుట్టించాను, నాలుగోసారి ఆ టైరు ఇక నా వల్ల కాదంది. బస్సులేమో బొగ్గుతో నడుస్తున్నాయి. సదుం దారిలో మిట్ట వస్తే అందరం దిగి తొయ్యాలి. టిక్కెట్టు కొని బస్సును తోసేదానికంటే నడిచిపోవడమే మేలనుకున్నాను.

అలా నడిచిపోబట్టే జూన్ నెలలో ఎర్రగుట్టపల్లెకు ఆలస్యంగా చేరాను. మారెమ్మ అనే పిల్ల, తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. ఆరు మైళ్ళు సంచీ మోసుకుంటూ కొంత నడిచీ కొంత పరుగెత్తీ పోయేసరికి ఇద్దరూ లేరు. ఒక్క గంట ముందు పోయి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్ళు. ఇది బాధలో అంటున్న మాట కాదు, పని తెలిసిన మనిషిగా అంటున్నాను. మారెమ్మ అత్త నన్ను ఒక్క మాట అనలేదు, కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

మా వీధి చివర ఖాదర్ వలి అని జట్కా తోలే పెద్దాయన ఉన్నాడు. చక్రానికి ఇనప పట్టా దొరక్క ఆయన జట్కా మూలపడింది. గుర్రం మాత్రం తింటూ నిలబడి ఉంది. దాని పేరు శక్కర్, మంచి నిదానం మనిషి (మనిషనే అంటాను). "వారానికి రొండు మూట్ల గడ్డి యిప్పిచ్చు, తీసకపో" అన్నాడు ఆయన. ఆయన భార్య మసూదా నాకు చీర లోపల తొడుక్కునేదానికి గట్టి గుడ్డతో పైజామా కుట్టింది. జీను లేదు. ఉన్నా ఇవ్వనన్నాడు. "జీను మింద కూసుంటే నీకు తోలు తెలుస్తాది, గుర్రం తెలీదమ్మా" అన్నాడు.

మామయ్యా, నిజంగా తెలుస్తుంది. దాని వీపు వెచ్చగా ఉంటుంది. ఊపిరి తీస్తే పక్కటెముకలు నా పిక్కలను నెడతాయి. అది కుడికి తిరగాలనుకుంటే నా తొడకు ముందే తెలిసిపోతుంది. నిన్న తెల్లవారి చెరుకు తోటల పక్క దౌడు తీసినప్పుడు ఒంటరిగా పెద్దగా నవ్వాను. అట్లా నవ్వి ఎన్నేళ్ళయిందో నాకే తెలియదు.

తిట్టదలచుకుంటే ఒకే జాబులో తిట్టెయ్యి.

నీ పెంకి పిల్ల,
దయామణి

కుప్పం
19-7-1943

అమ్మాయి దయామణికి మామ బర్నబాస్ దీవెనలు.

నీ జాబు మీ అత్త చేత రెండుసార్లు చదివించుకున్నాను. కళ్ళజోడు లేక కాదు, నమ్మకం కలగక. మీ అత్త మధ్యలో నవ్వింది. మీ ఆడవాళ్ళంతా ఒకటే.

గుర్రం ఎక్కడం తప్పని నేననను. మారెమ్మ సంగతి చదివాక అనే నోరు నాకు లేదు. కానీ బోడి వీపు మీదా? పోయిన యుద్ధంలో బస్రాలో మూడేళ్ళు దొరల దళానికి జీన్లు కుట్టినవాణ్ణి. గుర్రమంటే ఏమిటో, జీను ఎందుకు పుట్టిందో ఆ ఖాదర్ వలి నాకు చెప్పబనిలేదు. జీను లేకుంటే మనిషి బరువంతా గుర్రం వెన్నెముక మీద ఒక్కచోటే పడుతుంది. చెమట పడితే జారుతుంది. దిగుడులో మెడ మీదికి వచ్చిపడతావు. రికాబుంటే కాలికి ఆధారం. అదిలేక నడుములు విరిగినవాళ్ళను, చేతులు విరిగినవాళ్ళను ఎంతమందిని చూశానో లెక్కలేదు. అందుకే చెబుతున్నాను, జీను లేకుండా ఇంక ఎక్కవద్దు.

ఒక పని చెయ్యి. పురికొస తీసుకుని గుర్రం మెడ కిందుగా, ముందరి కాళ్ళ వెనక పొట్టచుట్టూ ఒకసారి, వీపు పొడుగు ఒకసారి కొలిచి ముళ్ళు వేసి కవరులో పెట్టి పంపు. మిగతాది నా పని. బావుల్లో నీళ్ళు తోడే కపిల బానలు, ఎద్దుల పట్టెడలు కుట్టీ కుట్టీ విసుగొచ్చింది. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఒక జీను కుడతాను.

ఇంకో మాట. పల్లెల్లోకి పోయేటప్పుడు పెద్దకులాల వీధి మొదట్లోనే దిగి నడువు. వాళ్ళు అడగకముందే నువ్వే దిగితే ఏ గొడవా ఉండదు. నువ్వు తెలివైనదానివి, నేను విడమరచి రాయనక్కరలేదు.

నీ మామ,
బర్నబాస్

పుంగనూరు
3-8-1943

మామయ్యకు వందనాలు.

నేను పురికొస పంపడం లేదు. నాకు జీను వద్దు.

రెండుసార్లు పడ్డాను, నువ్వు ఎవరి దగ్గరో వినేకంటే నేనే చెబుతున్నాను. రెండుసార్లూ ఇసకలో పడ్డాను, రెండుసార్లూ లేచి దులుపుకున్నాను. పడేటప్పుడు చేతులు చాచకుండా ముడుచుకుని దొర్లాలని ఖాదర్ వలి ముందే నేర్పించాడు, నిలబడి ఉన్న గుర్రం మీద నుంచి ఇరవైసార్లు దూకించి మరీ నేర్పాడు. మడమలతో పొడవకూడదు, తొడలతో పట్టాలి, పగ్గం పట్టుకుని వేలాడకూడదు, భయమైతే జూలు పిడికిట పట్టాలి. నడుము దాని నడకతోపాటు ఊగనివ్వాలి. నువ్వు చెప్పిన దిగుడులో వెనక్కి వాలితే చాలు, మెడ మీదికి రాను. వెన్నెముక మాట మాత్రం నువ్వు చెప్పింది నిజమే, అందుకే నాలుగు మైళ్ళకొకసారి దిగి కొంతదూరం నడిపిస్తున్నాను. నా తొడలు ఒరుసుకుపోయి మొదటి వారం కొబ్బరినూనె సీసా ఖాళీ అయింది. అయినా బాగుంది. నువ్వు ఎన్ని చెప్పినా బాగుంది.

జూలైలో ఎనిమిది కాన్పులకు పోయాను, ఎనిమిదీ వేళకు అందుకున్నాను. ఇంతకు మించి నీకు ఏం కావాలి?

జీను వద్దనేదానికి ఇంకో కారణం ఉంది. అది తపాలాలో రాయదగింది కాదు. ఈ ఊళ్ళో నాకొచ్చే జాబులైనా నేను వేసే జాబులైనా ముందు ఇద్దరు చదువుతారు. ఎప్పుడైనా ముఖాముఖి చెబుతాను. నీ చివరి మాటకు, ఆ "అడగకముందే దిగు" అన్నదానికి, జవాబు రాయను. రాస్తే మనిద్దరికీ చెడుతుంది.

అత్తకు అల్లం మురబ్బా పంపుతున్నాను.

దయామణి

కుప్పం
30-8-1943

దయామణికి,

నీ జాబు అందింది. మురబ్బా అందింది.

కారణం రాయదగింది కాదన్నావు. రాయకపోయినా నాకు తెలుసమ్మా. తెల్ల చీర కట్టుకుని మదనపల్లె డాక్టరమ్మల మధ్య తిరిగిన పిల్లకు మామ కుట్టిన తోలు మీద కూర్చోవాలంటే నామోషీగా ఉంటుంది. ఆ వాసన నీకు చిన్నప్పుడు పడేది. ఆ తోళ్ళ మధ్యనే గోనెపట్టా మీద నిద్రపోయేదానివి. మనిషి పెద్దదైతే ముక్కు కూడా పెద్దదవుతుంది కాబోలు. నేనేం అనుకోలేదు.

కానీ నువ్వు పడిచస్తే పైనున్న మీ అమ్మకు నేను జవాబు చెప్పుకోవాలి. అందుకని నీ ఖాదర్ వలికే కార్డు రాసి కొలతలు తెప్పించుకున్నాను. పెద్దమనిషి, ముళ్ళు సరిగ్గా వేశాడు. కుట్టేదానికి రెండు వారాలు పట్టింది. వెంకటగిరికోట సంతలో దొరికిన మంచి దున్నతోలు, లోపల గొర్రె ఉన్ని దట్టించాను, వెన్నెముక మీద ఆనకుండా నడిమధ్య సందు వదిలాను. రికాబులు పాత ఇనుముతో మన కమ్మరి చేసిచ్చాడు. బస్సు కండక్టరు మునిరత్నం చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఎక్కుతావో, మూల పడేస్తావో నీ ఇష్టం.

బర్నబాస్

పుంగనూరు
26-9-1943

మామయ్యా,

ఈ జాబు తపాలాలో వేయడం లేదు, మునిరత్నం చేతికే ఇస్తున్నాను. అతను ఒకరి జాబు విప్పి చదివే మనిషి కాదు. అన్నీ రాస్తాను, ఓపిగ్గా చదువు.

నామోషీ అన్నావు. నీ జీను వచ్చిన రోజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముఖం ఆనించి ఏడ్చాను. మసూదా చూసి ఎవరో పోయారనుకుంది. జీను ఇవ్వనన్న ఖాదర్ వలి కూడా ఆ కుట్లను ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూశాడు. నీకు ఎట్లా చేతులొచ్చాయి ఆ మాట రాసేదానికి? నీ కోపం నాకు తెలుసు, కానీ ఈసారి కోపం నాది, ఇది నా వంతు.

ఇప్పుడు ఆ రాయని కారణం విను. ఎర్రగుట్టపల్లెలో మనవాళ్ళ పల్లె ఊరికి అవతలి కొసన ఉంది. ఊళ్ళో పెద్దకులాల వీధి దాటితేగాని అక్కడికి చేరలేం, చుట్టుదారి వంక నీళ్ళలో మునిగి ఉంది. ఆ వీధిలో మనవాళ్ళు చెప్పులు చేతబట్టుకుని నడవాలి. బండి మీద, ఎద్దు మీద కూర్చుని పోకూడదు. నేను మొదటిసారి గుర్రం మీద పోయినప్పుడు మునసబు బాలప్ప చావిడి ముందు నన్ను ఆపాడు.

"దిగమ్మా. ఈ వీదిలో మీవోళ్ళు ఎక్కి పొయ్యేది లేదు."

"దిగుతానప్పా. మళ్ళీ ఎక్కేదెట్ల? జీను లేదు, రికాబు లేదు. ఏదైనా ఎత్తు మింద నిలబడి ఎక్కాల. నీ అరుగు మింద నిలబడేదా, యెదురింటోళ్ళ అరుగు మిందనా?"

ఆయన ముఖం చూడాల్సింది నువ్వు. నా కాలు అరుగుకు తగిలితే అరుగు కడిగించాలి, ఇల్లు శుద్ధి చేయించాలి, ఆ అరుగు ఎవరిదన్న దగ్గర వాళ్ళలో వాళ్ళకు పేచీ. తలుపు చాటున ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. చివరికి "పో పో, బిన్నా పో" అని తొందరపెట్టాడు. అట్లా ఆ వీధిలో తొమ్మిదిసార్లు గుర్రం మీదే పోయాను. వీపు బోడిగా ఉండటమే నాకు రక్ష. అర్థమైందా నేను జీను ఎందుకు వద్దన్నానో?

నువ్వు నామోషీ అన్నాక నిలబడలేకపోయాను. నీ కోసం ఈ నెల తొమ్మిదో తారీఖున జీను కట్టి అదే ఊరికి పోయాను. ఎంత హాయిగా ఉంది! అది కూడా నిజమే చెబుతున్నాను. చావిడి ముందు బాలప్ప కూర్చుని ఉన్నాడు. ఆయన చూపు ముందు నా ముఖం మీద పడలేదు, కాళ్ళ మీద పడింది.

"ఇప్పుడు రికాబు ఉండాది గదమ్మా. దిగు. ఆ కొసన యెక్కు."

మామయ్యా, నేను దిగాను. ఇన్నాళ్ళూ సాకు చెప్పాను, సాకు పోయాక అసలు మాట చెప్పే ధైర్యం నాలో లేదని ఆ వీధిలో తెలిసింది. నువ్వు నాకోసం చేయించిన రికాబులో కాలు పెట్టే దిగాను. శక్కర్ ను పట్టుకుని ఆ కొస దాకా నడిచాను. అరుగుల మీద ఎవరూ నవ్వలేదు, ఏదో పోయిన వస్తువు దొరికినట్టు తృప్తిగా చూశారు. అంతకంటే నవ్వి ఉంటేనే నయం.

మళ్ళీ పద్దెనిమిదిన జీను లేకుండా పోయాను. ఈలోగా ఆ వీధికి రెండు కొసల్లోనూ రెండు రాళ్ళు పాతించారు. మెట్లు కూడా చెక్కించారు. ఈ కొసన దిగేదానికి ఒకటి, ఆ కొసన ఎక్కేదానికి ఒకటి. నాకోసం! అంత మర్యాద వాళ్ళు ఏ కలెక్టరుకూ చేసి ఉండరు. మళ్ళీ దిగాను.

ఆ పల్లెలో అంజమ్మ అనే పిల్లకు అక్టోబరులో నెలలు నిండుతాయి. మారెమ్మ చెల్లెలే. ఆ ఊరికి ఇక పోకుండా ఉండలేను, ఇట్లా దిగుతూ పోలేను. నువ్వు అడగకముందే దిగమన్నావు. అడిగాక దిగాను, అంతే తేడా. నీకు సంతోషమేనా?

దయామణి

కుప్పం
4-10-1943

నా తల్లి దయామణికి,

మునిరత్నం జాబు ఇచ్చి నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ సూది పట్టలేదు. మీ అత్త సంతోషమ్మ నాతో మాట్లాడటం మానేసింది, నీ పక్షం.

ముందు నామోషీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పైంది. ముసలివాడి రోషం అనుకో.

రెండోది, బోడి వీపు గురించి నీకు అబద్ధం రాశాను. నడుములు విరిగినవాళ్ళను లెక్కలేనంతమందిని చూశానన్నాను గదా. మూడేళ్ళలో నా కళ్ళ ముందు గుర్రం మీద నుంచి పడి చచ్చినవాడు ఒక్కడే. వాడు జీను మీదే ఉన్నాడు. కాలు రికాబులో ఇరుక్కుని అర మైలు ఈడ్చుకుపోయింది. రోజూ సాయంత్రం గుర్రాలను నదికి నీళ్ళకు తోలేటప్పుడు జీన్లుండవు. మా లాంటి తోలుపనివాళ్ళం, గడ్డి మోసేవాళ్ళం అందరం చొక్కాలు విప్పేసి బోడి వీపుల మీద ఎక్కి నీళ్ళలోకి దూకించేవాళ్ళం. నీళ్ళలో గుర్రం ఈదేటప్పుడు కింద నేలేమీ ఉండదు, మనమూ అదీ కలిసి తేలతాం. ఆ పావుగంట కోసం రోజంతా కుట్టేవాణ్ణి. ఈ సంగతి మీ అత్తకు కూడా నేను ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు రాస్తాను.

పంతొమ్మిది వందల పంతొమ్మిదిలో యుద్ధం నుంచి వచ్చాను. రైలు దిగి వెంకటగిరికోటలో ఒక తట్టువ గుర్రాన్ని బాడుగకు తీసుకుని బైరెడ్డిపల్లె పక్కన మన ఊరికి పోయాను. సర్కారు కోటు, బూట్లు. ఊరు వచ్చింది. పెద్ద వీధి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, అందరూ పొలాల్లో ఉన్నారు. అరుగుల మీద పిట్ట లేదు. నన్ను ఎవరూ దిగమనలేదమ్మా, నేనే దిగాను. బూట్లు విప్పి లేసులు ముడేసి మెడలో వేసుకున్నాను. ఖాళీ వీధిలో తలొంచుకుని నడిచాను.

ఆ కొసన మీ అమ్మ నిలబడి ఉంది. నువ్వు చంకలో ఉన్నావు, ఏడాది పిల్లవు. మూడేళ్ళ తర్వాత వచ్చిన అన్నను పలకరించాల్సింది పోయి, "యాల దిగినావన్నా? ఎవురుండారు ఆడ?" అంది. కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాను. అది నమ్మలేదు. ఆ నెలలోనే ఊరు వదిలి కుప్పం వచ్చేశాను. మీ అమ్మ పోయాక నిన్ను తెచ్చుకునేదానికి తప్ప మళ్ళీ ఆ ఊరికి పోలేదు. కరువని చెప్పాను అందరికీ. కరువు కాదు.

నీకు రాసిన "అడగకముందే దిగు" అన్నది సలహా కాదు, నాకు పట్టిన జబ్బు. దాన్ని నీకు అంటించబోయాను. ఇక నిన్ను దిగమని చెప్పను. దిగవద్దని చెప్పే అర్హత నాకు లేదు. వాళ్ళు ఏమైనా చేయగలరు, నీ పని పోగొట్టగలరు, మనవాళ్ళ పొట్ట కొట్టగలరు. అది తెలిసీ నీకు ఏది తోస్తే అది చెయ్యి. నేను నీ వెనక ఉన్నాను. జీను ఖాదర్ వలికి ఇచ్చెయ్యి, మంచి చేతుల్లో ఉంటుంది.

మామ

పుంగనూరు
7-11-1943

మామయ్యకు, అత్తకు వందనాలు.

నీ జాబు రైకలో పెట్టుకునే పోయాను.

అక్టోబరు ఇరవై రెండు పొద్దున అంజమ్మకు నొప్పులని కబురొచ్చింది. శక్కర్ మీద గంట లోపలే ఎర్రగుట్టపల్లె చేరాను, బోడి వీపు మీదే. రాయి దగ్గర బాలప్పా, ఆయన జీతగాళ్ళు ఇద్దరూ ఉన్నారు. నేను రాయి దాటి వీధిలోకి అడుగు వేయించాను.

"రాయి ఉండాది గదమ్మా," అన్నాడు బాలప్ప.

"ఉండాదప్పా. బాగా చెక్కిచ్చినారు. నేను దిగను."

"యాల? యెక్కేదానికి ఆ కొసన ఇంకోటి ఉండాది గదా?"

"ఎక్కలేక కాదప్పా. అప్పుడు సెప్పింది సాకు. ఇప్పుడు సాకు లేదు. దిగను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జీతగాడొకడు కళ్ళెం మీదికి చెయ్యి చాచాడు. శక్కర్ వీపు నా కింద బిగుసుకోవడం వాడి చెయ్యి తగలకముందే నాకు తెలిసింది. జూలు పట్టి మెడ మీదికి వంగాను. అది ముందరికాళ్ళు లేపింది, నేను దానికి అతుక్కునే ఉన్నాను. కాళ్ళు దించేసరికి వాడు మూడు గజాల అవతల ఉన్నాడు. జీను మీద ఉండి ఉంటే నాకు అంత ముందుగా తెలిసేది కాదు మామయ్యా, నీ కుట్టుకు దండం పెట్టే ఈ మాట అంటున్నాను.

"మదనపల్లెకు రాస్తా," అన్నాడు బాలప్ప. "నీ పని తీపిస్తా."

"రాయప్పా. పేరు దయామణి."

దౌడు తీయించలేదు. పరుగెత్తితే పారిపోయినట్టు ఉంటుంది. నడక మీదే పోయాను, నడివీధిలో. ఒక అరుగు మీద ముసలావిడ చేట పక్కన పెట్టి "అంజమ్మకేనా?" అంది. అవునన్నాను. "అట్లయితే బిన్నా పో తల్లీ, ఈ మొగోళ్ళతో యేంది నీకు" అంది. బాలప్ప తల్లేనట, తర్వాత తెలిసింది.

అంజమ్మకు ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. బిడ్డ కాళ్ళే ముందు వచ్చాయి. అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు.

ఇక దానికి ఖర్చు కూడా చెబుతాను. మర్నాటి నుంచి మనవాళ్ళను ఎవరూ కూలికి పిలవలేదు. అంగట్లో ఉప్పు కూడా ఇవ్వలేదు. నేను పోయి, నావల్లే గదా, కావాలంటే ఈ ఊరికి వేరే మనిషిని పంపించమని రాస్తానన్నాను. మారెమ్మ అత్త, ఆ రోజు నాకు నీళ్ళిచ్చిన మనిషి, మొదటిసారి నామీద అరిచింది. "మేం పస్తుంటాం. నువ్వు దిగితే మాత్రం ఈ పల్లెకు రావద్దు," అంది. ఎనిమిది రోజులు గంజి తాగి ఉన్నారు. తొమ్మిదో రోజు వాన పడింది. చెనక్కాయలు పెరకకుంటే భూమిలోనే మొలకలెత్తిపోతాయి. జీతగాడు వచ్చి పల్లె మొదట్లో నిలబడి, అందరినీ రమ్మన్నారని చెప్పి పోయాడు. క్షమాపణలూ ఏమీ లేవు, వాళ్ళ దగ్గర నుంచీ లేవు, మనవాళ్ళ దగ్గర నుంచీ లేవు. ఆ తర్వాత రెండుసార్లు పోయాను. బాలప్ప నన్ను చూడగానే చావిడి లోపలికి పోతున్నాడు.

మదనపల్లె నుంచి సంజాయిషీ అడిగారు. "గుర్రం మీద పోతున్నాను, వేళకు అందుతున్నాను" అని రాసి కాన్పుల పుస్తకం జతచేశాను. ఇంకా జవాబు రాలేదు. తీసేస్తే తీసేయనీ, కాన్పులు చేసే చేతులు నా దగ్గరే ఉంటాయి.

జీను ఖాదర్ వలికి ఇవ్వలేదు. అది నాది. దూరప్రయాణాలకు కడుతున్నాను, ఎక్కడ దిగాలో ఇక నేనే చూసుకుంటాను.

దయామణి

కుప్పం
5-12-1943

అమ్మాయి దయామణికి,

మీ అత్త చెప్పకముందే చెబుతున్నాను, నేను మూడు రోజులుగా మంచం మీద ఉన్నాను. జ్వరం కాదు. తొడలు ఒరుసుకుపోయాయి, నడుము పట్టేసింది. కొబ్బరినూనె రాస్తూ మీ అత్త నన్ను తిట్టే తిట్లు స్టేషను దాకా వినిపిస్తున్నాయి.

గురువారం వెంకటగిరికోట సంతకు తోలు కోసం పోయాను. అక్కడ ఇమాముద్దీన్ అనే బేరగాడి దగ్గర ఒక ఎర్ర తట్టువ కనబడింది. పూటకు బాడుగ అడిగాను. జీను కట్టబోతే వద్దన్నాను. ఇద్దరు మనుషులు పట్టి ఎక్కించారు. యాభై మూడేళ్ళవాడికి ఇదేం పోగాలమని వాళ్ళు నవ్వుకున్నారు. మొదటి మైలు ప్రాణం పోయింది. రెండో మైలులో నడుముకు జ్ఞాపకమొచ్చింది. మూడో మైలులో, ఎవరితోనూ అనవద్దు, పాట పాడాను.

మన ఊరికి పోయాను.

ఈసారి వీధి ఖాళీగా లేదు. సాయంత్రం, అరుగుల నిండా జనం. నాకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. నన్ను పోల్చుకున్నవాళ్ళూ లేరు. మొదటి ఇల్లు దాటేటప్పుడు నా కుడికాలు దానంతటదే దిగబోయింది. నేను దాన్ని తట్టువ పొట్టకేసి అదిమి పట్టాను. సగం వీధి దాటాక ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. నా తెల్లజుట్టు, కోటు చూసి ఏ కోర్టు అమీనానో అనుకున్నట్టున్నాడు, మర్యాదగానే అడిగాడు.

"ఎవురప్పా తమరు? ఎవురింటికి?"

అట్లాగే పోనివ్వవచ్చు. ఏ పేరు చెప్పినా సాగేది. తట్టువను ఆపాను.

"బర్నబాస్," అన్నాను. "ఈ ఊరి చివరపల్లె మునిస్వామి కొడుకుని. మీ బావులకు తోలు బానలు కుట్టిన మునిస్వామి."

వీధి వీధంతా వినేటట్టే అన్నాను. ఆయన ముఖం మారింది. ఏమనాలో అని పక్క అరుగుల వైపు చూశాడు. ఆయనకు తోచేదాకా నేను అక్కడే ఉన్నాను, గుర్రం మీదే.

నీ మామ,
బర్నబాస్